యానాం నుంచి కోరంగి దాకా: పాత రేవులనూ మడ అడవినీ చూడబోయేవారికి

యానాం, కోరంగి చూడటానికి వస్తున్నామని బంధువులెవరైనా కబురు చేస్తే, నేను వారిని ముందుగా అడిగేది ఏ తిథి నాడు వస్తున్నారని. ముహూర్తం చూసుకుని రావడానికి ఇదేమైనా పెళ్లా అని వారు నవ్వుతారు. యానానికీ పెళ్లి ముహూర్తాలకూ ఒక పాత సంబంధం ఉన్న మాట నిజమే, దాని సంగతి తరువాత వస్తుంది. ఇక్కడ తిథి కావలసింది మాత్రం మడ అడవిలోకి పడవ నడవడానికి. సముద్రపు పోటు వచ్చి పాయల్లో నీరు నిండినప్పుడే పడవ అడవి లోపలిదాకా వెళుతుంది. పాటు తీసిందంటే చిన్న పాయల్లో మోకాలి లోతు బురద తప్ప మరేమీ మిగలదు. కొన్నేళ్ల కిందట సరంగు వద్దంటున్నా వినకుండా, మధ్యాహ్నం భోజనం ముగించి తీరుబడిగా బయల్దేరిన పాపానికి ఆరుగురం ఒక పాయ మలుపులో బురదకు తట్టుకుపోయి, మళ్లీ నీరు ఎక్కేదాకా రెండు గంటలకు పైగా దోమలతో కాలక్షేపం చేశాము.

రోజుకు రెండు పోట్లు, రెండు పాట్లు ఉంటాయి. ఈ రోజు వచ్చిన పోటు రేపు సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. అమావాస్యకూ పున్నమికీ పోటు పెద్దదిగా, అష్టమి నవమి రోజుల్లో చిన్నదిగా ఉంటుంది. తీరం వెంబడి పుట్టి పెరిగినవారికి తిథి చెబితే చాలు, నీరు ఎప్పుడు ఎక్కుతుందో వేళ్ల మీద లెక్క కట్టి చెబుతారు. మీరు చేయవలసిందల్లా బయల్దేరే ముందు రోజు పడవ నడిపేవారికి ఫోను చేసి, పోటు నిండే వేళ పట్టపగలు పడుతుందో లేదో కనుక్కోవడమే. అడవిలోని చెక్క వంతెన మీద నడక పాటు ఉన్నప్పుడూ, పడవ ప్రయాణం పోటు మీదా పెట్టుకోవాలి. చాలామంది దీన్ని తలకిందులుగా చేసి, వంతెన మీద నడిచేటప్పుడు నీళ్లు తప్ప ఏమీ కనిపించలేదని, పడవ ఎక్కినప్పుడు దూరం పోలేదని నిరాశపడుతుంటారు.

కాలం, దారి

నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. చలి దేశాల నుంచి వచ్చే పక్షులు అప్పటికి బురద మేటల మీద దిగి ఉంటాయి, ఉక్కపోతా తగ్గి ఉంటుంది. అయితే అక్టోబరు, నవంబరు నెలలు మన తీరానికి తుపానుల కాలమని మరువరాదు. 1996 నవంబరు 6న కాకినాడ దగ్గర తీరం దాటిన తుపానులో వెయ్యి మందికి పైగా ప్రాణాలు పోయాయి. భైరవపాలెం, బలుసుతిప్ప వంటి ఊళ్లలో వేటకు వెళ్లి తిరిగిరానివారి ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. అల్పపీడనం మాట వినిపిస్తే ప్రయాణం వాయిదా వేసుకోవడమే మేలు.

జూలై నుంచి సెప్టెంబరు దాకా గోదావరికి వరద కాలం. ఆ రోజుల్లో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గరి నీటిమట్టాన్ని పత్రికల్లో చూసుకుని బయల్దేరాలి. అక్కడ నీరు 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 అడుగులకు రెండవది, 17.75 అడుగులకు మూడవది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చిన నాటి నుంచే లంకల్లో రాకపోకలు కష్టమవుతాయి, పడవలు ఆపేస్తారు. పులస కోసం వచ్చేవారు మాత్రం ఈ ఎర్రనీటి కాలాన్నే ఎంచుకుంటారు, వారిని ఆపడం ఎవరి వల్లా కాదు.

రైలు మీద వచ్చేవారు కాకినాడ టౌను స్టేషనులో దిగి, అమలాపురం వైపు వెళ్లే బస్సు ఎక్కితే 216వ నంబరు జాతీయ రహదారి మీద చొల్లంగి, కోరంగి, తాళ్లరేవు దాటి సుమారు 30 కిలోమీటర్లలో యానాం చేరుకుంటారు. కోనసీమ నుంచి వచ్చేవారికి ఎదుర్లంక దగ్గర గౌతమి మీద బాలయోగి వారధి ఉంది; 2002లో అది రాకముందు ఏరు దాటడానికి పంటు, అంటే మనుషులనూ వాహనాలనూ దాటించే పెద్ద పడవే దిక్కు. ఆ అనుభవం ఇప్పుడు కావాలనుకునేవారు కోటిపల్లి, ముక్తేశ్వరం రేవుల మధ్య గౌతమిని పంటు మీద దాటి రావచ్చు. సొంత కారు ఉన్నా ఆ దారి పట్టమనే నేను చెబుతాను, ఎందుకంటే ఏటి వెడల్పు ఎంతో వారధి మీద కారులో పోతూ తెలియదు.

నా సలహా ఏమంటే, కాకినాడ నుంచి వస్తూ ముందు తగిలిన కోరంగిలో ఆగిపోకుండా నేరుగా యానాం చేరి, అక్కడి నుంచి నీటి వాలు వెంబడి కోరంగికీ, ఆ తరువాత కాకినాడకూ వెనుదిరిగి రావాలి. రెండు పూటలు ఎక్కువ పట్టినా ఈ వరుసకు ఒక కారణం ఉంది. గోదావరి తెచ్చిన ఒండ్రే ఈ పాత రేవులను ఒకదాని తరువాత ఒకటి పూడ్చేసింది. ఆ ఒండ్రు మీదనే మడ అడవి నిలబడింది. ఆ ఇసుకే ఇంకా ముందుకు పోయి కాకినాడ ఎదుట దీవిగా మేట వేసి, ఇప్పటి ఓడరేవుకు అడ్డుగోడ అయింది. వాలు వెంబడి వస్తేనే ఈ మూడూ ఒకే కథగా అర్థమవుతాయి.

యానాం

యానానికి వచ్చినవారు మొదట ఎక్కేది 100 మీటర్లకు కాస్త పైబడిన గోపురం. ఊరివారు దాన్ని ఐఫిల్ టవరు అంటారు. ఎక్కవద్దని అనను గానీ మొదటి పూట దాని జోలికి పోకుండా, ఉదయం ఎండ ముదరకముందే గౌతమి గట్టు మీద నడక మొదలుపెట్టండి. కోరంగి పాయ అనే ఆత్రేయ, గౌతమి నుంచి విడిపోయేది ఇక్కడే. సముద్రం నుంచి ఓడల సరుకు పైకి తేవడానికీ, డెల్టాలో నేసిన బట్ట కిందికి దింపడానికీ అనువైన ఈ చీలిక దగ్గర 1723లో ఫ్రెంచివారు కొఠీ, అంటే వర్తక స్థావరం, పెట్టుకున్నారు. పాయ కింది భాగంలో ఇంజరంలో ఇంగ్లీషువారి బట్టల కొఠీ, కాకినాడ జగన్నాథపురంలో డచ్చివారి కొఠీ ఉండేవి. అంటే ముప్పై కిలోమీటర్ల దారిలో మూడు తెల్లదేశాల వారు ఒకే నేతగాళ్ల ముంగిట నిలబడి బేరాలాడారన్నమాట.

1753లో ఉత్తర సర్కారులనే కోస్తా ప్రాంతాలన్నీ ఫ్రెంచి సేనాని బుస్సీ చేతికి వచ్చినప్పుడు యానాం పెద్ద రాజ్యానికి చిన్న రేవు. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గరి చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివారు ఇంగ్లీషువారి చేతిలో ఓడిపోయాక ఆ రాజ్యం పోయింది, ఈ ఊరు మాత్రం పలుమార్లు చేతులు మారి చివరకు ఫ్రెంచివారికే మిగిలింది. వారు దీన్ని యానాన్ అని రాసుకునేవారు. 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్య నాయకత్వంలో విమోచనకారులు ఊరిని స్వాధీనం చేసుకున్నారు. ఆ ఏడాది నవంబరు 1న ఫ్రెంచి పాలన ముగిసింది. చట్టబద్ధమైన బదిలీ 1962 ఆగస్టు 16న జరిగింది. చుట్టూ ఆంధ్రప్రదేశ్ ఉన్నా, వందల కిలోమీటర్ల దూరాన ఉన్న పుదుచ్చేరికి చెందిన ఊరుగా ఇది మిగిలిపోవడానికి కారణం ఇదే. దీని మూలంగా సెలవులు, ధరలు, పన్నులు వేరుగా ఉంటాయి. పెట్రోలు పోయించుకోవడానికి ఇబ్బంది లేదు. మద్యం సీసాలు సంచిలో పెట్టుకుని హద్దు దాటడం మాత్రం ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు చట్టం కింద నేరం, వాహనాలను ఆపి వెతుకుతారు.

పుదుచ్చేరిలో ఉన్నట్టు వీధికి వీధి పసుపురంగు ఫ్రెంచి మేడలుంటాయని ఊహించుకుని వస్తే నిరాశ తప్పదు. మిగిలినవి కొద్దే. 1846 నాటి సెయింట్ ఆన్స్ చర్చి ముందు కాసేపు ఆగి, లోపలికి చెప్పులు విడిచి వెళ్లి చూడండి. ప్రార్థన జరుగుతుంటే ఫొటోలు తీయకపోవడం మర్యాద. అక్కడి నుంచి మీసాల వెంకన్న గుడికి నడిచే వెళ్లవచ్చు. స్వామికి మీసాలుండటమే ఆ పేరుకు కారణమని వేరే చెప్పనక్కరలేదు. ఏటి ఒడ్డున ఏనుగులు నీరు పోస్తుండగా స్నానమాడే శివలింగం, భారతమాత విగ్రహం సాయంత్రం పిల్లలతో చూడవలసినవి. గోపురం ఎక్కడానికీ అదే వేళ, పొద్దు వాలేటప్పుడు గౌతమి, వారధి, ఎదుటి లంకలు పైనుంచి చక్కగా కనిపిస్తాయి.

ఇక ముహూర్తాల సంగతి. బ్రిటిషు ఇండియాలో బాల్య వివాహాలను నిషేధిస్తూ 1929లో వచ్చిన శారదా చట్టం ఫ్రెంచి యానాంలో చెల్లదు. దాంతో చుట్టుపక్కల జిల్లాల పెద్దలు పిల్లలను బండ్లలో, పడవల్లో ఎక్కించుకుని వచ్చి ఇక్కడ పెళ్లిళ్లు జరిపించుకుపోయేవారు. ఊరికి కళ్యాణపురమన్న పేరు అలా వచ్చింది. పేరు అందంగానే ఉంది గానీ, మా వైపు ముసలమ్మల్లో కొందరు ఆ పేరు విని నవ్వేవారు కాదు.

ఈ రేవుల నుంచి బట్ట ఒక్కటే కాదు, మనుషులూ ఎగుమతి అయ్యారు. 1828లో యానాం నుంచి కొద్దిమంది తెలుగు కూలీలను హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవి చెరకు తోటలకు తీసుకుపోయారు. తరువాత కాలంలో ఫ్రెంచి రేవుల ఓడలు ఇంకా దూరాన కరీబియన్ సముద్రంలోని గ్వాడెలూప్, మార్టినిక్ దీవులదాకా కూలీలను చేర్చాయి. మారిషస్‌లో తెలుగువారికి కోరంగులని పేరు వచ్చిందంటే, ఓడ ఎక్కిన రేవు పేరే జాతి పేరైపోయిందన్నమాట. బర్మా వెళ్లిన మనవారినీ అదే మాటతో పిలిచేవారు. ఏటి గట్టు మీద నిలబడినప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే, ఎదుట ఉన్నది సెల్ఫీ దిగే బీచి మాత్రమే కాదని అర్థమవుతుంది.

కోరంగి

కోరంగిలో చూడటానికి ఏముందని అడిగితే, ఏమీ లేదన్నదే జవాబు. చూడవలసింది ఆ లేకపోవడమే. ఒకప్పుడు సముద్రం మీద తిరిగే పెద్ద ఓడలను కట్టి, పాడైనవాటిని బాగుచేసిన రేవు ఇది. ఇప్పుడు రోడ్డు పక్కన మామూలు పల్లె, కాలువ, కొబ్బరిచెట్లు. రేవు గోడలకోసం, లంగరు గుంజలకోసం వెతకడం దండగ. 1789 డిసెంబరులో మూడు ఉప్పెన కెరటాలు ఒకదాని వెంట ఒకటి వచ్చి ఊరిని తుడిచిపెట్టాయి. సుడిగాలులకు సైక్లోన్ అన్న పేరు పెట్టిన హెన్రీ పిడింగ్టన్ తన రచనల్లో ఈ కోరంగి ఉప్పెనను ప్రస్తావించాడు. తిరిగి కట్టుకున్న రేవును 1839 నవంబరు 25న మరో తుపాను దెబ్బతీసింది. ఆ రోజు మూడు లక్షల మంది చనిపోయారని చాలాచోట్ల రాస్తుంటారు. ఆ కాలపు డెల్టా తీరంలోని జనాభాను తలచుకుంటే ఆ అంకె నమ్మశక్యంగా లేదు కనుక, పిల్లలకు చెప్పేటప్పుడు దాన్ని వదిలేయడం మంచిదని నా అభిప్రాయం.

అయినా ఊళ్లు ఉప్పెనకు ఒక్కసారిగా చావవు, మళ్లీ లేస్తాయి. కోరంగిని లేవనీయనిది పాయ మొగలో, అంటే అది సముద్రంలో కలిసే చోట, ఏటికేడు పేరుకుపోయిన ఇసుక. ఓడలు లోపలికి రాలేక కాకినాడ దారి పట్టాయి; 1852లో కాటను దొర ఆనకట్ట పూర్తయి కాలువలు కాకినాడ వైపు పారాక సరుకూ అటే పోయింది. తాళ్లరేవు దగ్గర కాలువ గట్టున ఇప్పటికీ చెక్క పడవలు కట్టే వడ్రంగులు కనబడితే, అడిగి, అనుమతిస్తే కాసేపు నిలబడి చూడండి. పాత రేవులో మిగిలిన ప్రాణం ఏదైనా ఉంటే అది ఆ ఉలి చప్పుడే.

మడ అడవి

కోరంగి అభయారణ్యాన్ని 1978లో ప్రకటించారు, విస్తీర్ణం సుమారు 235 చదరపు కిలోమీటర్లు. రోడ్డుకు దగ్గరలోనే టికెట్టు గది, చెక్క వంతెన, కావలి గోపురం, పడవల రేవు ఉన్నాయి. చీకటి పడకముందే మూసేస్తారు కనుక ఉదయమే చేరుకోవాలి. మంచినీళ్లు, టోపీ, దోమల మందు వెంట ఉంచుకోండి. బూట్లకంటే పట్టీ ఉన్న చెప్పులు నయం. పడవ కూలికి చిల్లర నోట్లు పెట్టుకోవడం మంచిది, అడవిలో ఫోను సిగ్నలు అన్నిచోట్లా అందదు. ప్లాస్టిక్ కవర్లు లోపల పారేయకూడదని బోర్డులున్నా, పోటు నీరు తెచ్చిపెట్టినవి వేర్లకు చుట్టుకుని కనిపిస్తూనే ఉంటాయి.

వంతెన మీద పాటు వేళ నెమ్మదిగా నడవండి. బురదలోంచి వేలెడంత పొడవున పైకి పొడుచుకువచ్చిన పుల్లల్లాంటివి మడ చెట్టు శ్వాసవేర్లు. బురదలో గాలి ఆడదు కనుక చెట్టు వాటితో ఊపిరి పీల్చుకుంటుంది. కొమ్మల నుంచి గొడుగు ఊచల్లా వంగి దిగినవి ఉప్పుపొన్న ఊతవేర్లు. దాని కాయ చెట్టున ఉండగానే మొలకెత్తి, పెద్ద ములక్కాడ ముక్కలా వేలాడి, బరువెక్కాక రాలి బురదలో గుచ్చుకుంటుంది లేదా నీటి మీద తేలిపోయి మరోచోట నాటుకుంటుంది. మడ ఆకు అడుగున తెల్లగా మెరిసేది ఉప్పు. చెట్టు తాగిన ఉప్పునీటిలోంచి మిగులును ఆకు ద్వారా బయటికి నెట్టేస్తుంది. వంగి చూడటం వరకే, ఆకు తెంపరాదు. అభయారణ్యంలో అది నేరం. పైగా తిల్ల అనే చెట్టూ ఇక్కడ విస్తారంగా ఉంటుంది, దాని కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. చిన్నపిల్లలను వంతెన అంచున ఆకులు దూయనీయకుండా చేయి పట్టుకుని నడిపించండి.

కదలకుండా పది నిమిషాలు నిలబడితే బురద మీద ప్రాణం కదలడం మొదలవుతుంది. రెక్కలనే కాళ్లుగా చేసుకుని బురద మీద గెంతే చేపలు, ఒక డెక్క పెద్దదిగా ఎత్తి పక్కవాడిని పిలుస్తున్నట్టు ఊపే చిన్న పీతలు, వాటికోసం కాచుకున్న కొంగలు, లకుముకి పిట్టలు కనిపిస్తాయి. బావురుపిల్లి, నీటికుక్క ఇక్కడ ఉన్న మాట నిజమే. బావురుపిల్లి రాత్రి వేటాడుతుంది కనుక పగటి పూట వచ్చినవారికి దాని పాదముద్ర దొరికితే అదే అదృష్టం. నీటికుక్కలు మాత్రం మంద కట్టి తెల్లవారుజామున పాయ ఒడ్డున తిరుగుతాయి. మాట్లాడకుండా కూర్చునే ఓపిక ఉన్న పడవకే అవి కనిపిస్తాయి, పాటల పెట్టె పెట్టుకుని ఎక్కిన పడవకు కొంగ కూడా మిగలదు.

పడవ ఎక్కగానే ప్రతి ఒక్కరూ లైఫ్ జాకెట్టు వేసుకుని బకిల్ బిగించుకోవాలి. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పాపికొండల పడవ మునిగిన సంగతి మనవారు మరిచిపోయే కాలం ఇంకా రాలేదు. జాకెట్టు చాలకపోతే, నీరు ఎంత నిలకడగా ఉన్నా, ఆ పడవ ఎక్కవద్దు. పోటు నిండటానికి గంటన్నర ముందు బయల్దేరితే నీరు ఎక్కుతుండగా లోపలికి వెళ్లి నిండు నీటి మీద తిరిగి రావచ్చు. దారిలో కొన్నిచోట్ల చేపముల్లు ఆకారంలో తవ్విన కాలువలు కనిపిస్తాయి. అడవి పలుచబడి ఉప్పు తేలిన నేలకు పోటు నీరు చేరేలా ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధనా సంస్థ, తీరగ్రామాలవారు కలిసి మొక్కలు నాటినప్పుడు అనుసరించిన పద్ధతి అది.

కాకినాడ, హోప్ దీవి

కాకినాడలో గొట్టం కాజా కొనుక్కోవడానికి ఎవరి సలహా అక్కరలేదు. చేప విషయంలో మాత్రం ఒక మాట. సముద్రంలో ఉన్నప్పుడు విలస, గోదావరి ఎర్రనీటికి ఎదురీదాక పులస. వేరే రాష్ట్రాల నుంచి మంచుపెట్టెల్లో వచ్చిన ఇలసను పులస ధరకు అంటగట్టేవారు ఉన్నారు. వరద కాలం కాని రోజుల్లో పులస ఉందన్నవారిని నమ్మనక్కరలేదు.

హోప్ దీవి సుమారు 16 కిలోమీటర్ల పొడవున సాగిన ఇసుక మేట. గత రెండు శతాబ్దాల్లో గోదావరి ఇసుకతోనే ఏర్పడింది. అలల దెబ్బ కాకినాడ రేవుకు తగలకుండా కాచేది ఇదే. గాలి లేచేలోగా ఉదయమే పడవ మీద వెళ్లి, నీడ లేదు కనుక ఎండ ముదిరేలోగా వచ్చేయాలి. వెళ్లడానికి అనుమతి ఉందో లేదో పర్యాటక శాఖవారిని ముందే అడగండి. జనవరి నుంచి మార్చి దాకా తాబేళ్లు ఇక్కడి ఇసుకలో గుడ్లు పెడతాయి. చదునుగా తవ్వి కప్పిన చోటు కనిపిస్తే తొక్కకుండా చుట్టు తిరిగి పోవాలి.

తిథి చూసుకుని రమ్మన్నాను గానీ, ఒక తిథిని మాత్రం పడవకోసం ఎంచుకోవద్దు. పుష్య బహుళ అమావాస్యను మా వైపు చొల్లంగి అమావాస్య అంటారు. తుల్యభాగ అనే గోదావరి పాయ సముద్రంలో కలిసే చోట స్నానం చేసి, అక్కడి నుంచి గోదావరి ఏడు పాయల మొగల్లోనూ మునుగుతూ భీష్మ ఏకాదశికి అంతర్వేది చేరే సప్తసాగర యాత్ర ఆ రోజే మొదలవుతుంది. తెల్లవారుజాము నుంచి రోడ్డంతా జనం, బస్సులు ఎక్కడికక్కడ ఆగిపోతాయి. ఆ రోజు వచ్చేవారు కెమెరా ఇంట్లో పెట్టి తువ్వాలు, పొడి బట్టలు తెచ్చుకోవాలి.